శాన్‌ఫ్రాన్సిస్కోలో బర్మా భోజనం: మనవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

పిల్లల దగ్గరికి ఆరునెలలకని వచ్చిన అమ్మానాన్నలు, ఆఫీసు పని మీద రెండు వారాలకు దిగినవాళ్ళు, గోల్డెన్ గేట్ వంతెన చూసొచ్చి సాయంత్రం ఆకలి మీద ఫోన్ చేసేవాళ్ళు, అందరూ అడిగేవి ఇంచుమించు ఇవే. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పే బదులు ఒకచోట రాసి పెడుతున్నాను. నేనుండేది ఫ్రీమాంట్‌లో, మాది విజయనగరం వైపు. మా ముత్తాత రంగూన్ రేవులో మూటలు మోసి వచ్చినవాడు. ఈ వంట మీద నాకున్న మమకారానికి అదీ ఒక కారణమే.

అమెరికా దాకా వచ్చి బర్మా వంట తినడం ఎందుకు?

బర్మా బయట ఈ వంట ఇంతగా నిలదొక్కుకున్న ఊళ్ళు తక్కువ. శాన్‌ఫ్రాన్సిస్కోలో కాలిఫోర్నియా స్ట్రీట్ మీద మాండలే రెస్టారెంట్ 1984లో మొదలైంది. క్లెమెంట్ స్ట్రీట్ మీద బర్మా సూపర్‌స్టార్ 1992లో వచ్చింది. టీ ఆకు సలాడ్ అనేది ఒకటుందని ఈ ఊరికి తెలిసింది చాలావరకు ఇలాంటి చోట్ల నుంచే. ఇప్పుడు ఓక్లాండ్, డేలీ సిటీ, ఫ్రీమాంట్ అంతటా బర్మా హోటళ్ళున్నాయి.

ఇక రుచి సంగతి. మనవాళ్ళని జపాన్ హోటల్‌కి తీసుకెళ్తే మర్యాదకి రెండు ముద్దలు తిని, ఇంటికొచ్చి ఆవకాయన్నం కలుపుకుంటారు. బర్మా హోటల్‌కి తీసుకెళ్తే అలా జరగదు. చింతపండు, శనగపిండి, వేరుశనగ గుళ్ళు, ఎండుమిర్చి, పసుపు, ఎర్రగా వేయించిన ఉల్లిపాయలు, ఎండు రొయ్యలు. ఈ సరుకుల చీటీ మా ఊరి కిరాణా కొట్లో ఇచ్చినా ఒక్కటి కూడా లేదనరు. వాటిని కలిపే తీరే వేరు.

బోర్డు మీద "బర్మీస్, ఏషియన్ ఫ్యూజన్" అని ఉంది. అంటే అసలు బర్మా వంట కాదా?

బర్మా వంట ఉంటుంది, దాని పక్కన చైనా, థాయ్ వంటకాలు కూడా ఉంటాయి. ఇక్కడ బర్మా హోటళ్ళు నడిపే కుటుంబాల్లో చైనా మూలాలున్న బర్మావాళ్ళు చాలామంది. 1962లో సైన్యం అధికారం పట్టుకుని వ్యాపారాలన్నీ స్వాధీనం చేసుకోవడం, 1967లో రంగూన్‌లో చైనీయుల మీద అల్లర్లు జరగడం, వీటి తర్వాత ఎంతోమంది దేశం వదిలారు. వాళ్ళింట్లో రెండు వంటలూ ఉన్నాయి కాబట్టి మెనూలోనూ రెండూ ఉంటాయి. దాన్ని కల్తీ అనుకోవద్దు. ఆ మాటకొస్తే బర్మా వంటే ఒక కలగలుపు. ఒకవైపు మనం, ఇంకోవైపు చైనా, మరోవైపు థాయ్‌లాండ్. సమోసా, పరోటా మననుంచి వెళ్ళాయి. నూడిల్స్, సోయా చైనానుంచి వచ్చాయి.

కానీ ఒక్క పూటకి వెళ్ళినవాళ్ళు ప్యాడ్ థాయ్, తేనె వాల్‌నట్ రొయ్యలు, వెల్లుల్లి నూడిల్స్ చెప్పుకుని వచ్చేస్తే నాకు బాధగా ఉంటుంది. అవి ఎక్కడైనా దొరుకుతాయి. వెల్లుల్లి నూడిల్స్ శాన్‌ఫ్రాన్సిస్కోలోనే ఒక వియత్నామీ కుటుంబం హోటల్లో పుట్టిన వంటకం. బాగుంటుంది, అయినా దానికోసం బర్మా హోటల్‌కి వెళ్ళనక్కర్లేదు. మెనూలో "తోక్" అని ఉన్నవి చూడండి, అంటే చేత్తో కలిపినది, సలాడ్. "హిన్" అంటే కూర. "ఖావ్ స్వే" అంటే నూడిల్స్. "జో" అంటే వేపుడు. ఈ నాలుగు మాటలు తెలిస్తే ఏది బర్మాదో మీరే పోల్చుకుంటారు.

మేము శాకాహారులం. మాకేమైనా ఉంటుందా?

చాలా ఉంటుంది. కానీ అడిగే పద్ధతిలో అడగాలి. ఇది కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే నేను ఒకసారి సరిగ్గా అడగక తప్పు చేశాను.

కొన్నేళ్ళ కిందట మా పెద్దమ్మ ఇక్కడికి వచ్చింది. కార్తీకమాసం. ఆ నెలంతా ఆవిడ నీచు ముట్టదు. ఒక హోటల్‌కి తీసుకెళ్ళి, "ఈ సలాడ్ వెజిటేరియనేనా" అని అడిగాను. "అవును, మాంసం లేదు" అన్నారు. నేను అక్కడితో ఆగిపోయాను. సలాడ్ వచ్చింది, కలిపి పెట్టారు. పెద్దమ్మ చెంచా నోటిదాకా తీసుకెళ్ళి ఆగి, వాసన చూసి, "ఏమే, ఇది ఎండు రొయ్యల వాసన కదే" అంది. నిజమే. పళ్ళెంలో ఒక మూలన నారింజ రంగులో ఉన్న పొడి ఎండు రొయ్యల పొడి. వడ్డించిన అమ్మాయి చెప్పింది అబద్ధం కాదు, వాళ్ళ లెక్కలో అది మసాలా దినుసు. తెలిశాక ఆ పిల్ల ఎంతో నొచ్చుకుని, పళ్ళెం తీసేసి వేరేది కలిపి తెచ్చింది. పెద్దమ్మ ఏమీ అనలేదు. కానీ ఆ నెలంతా నియమంగా ఉన్న మనిషి, ఆ రాత్రి ఇంటికొచ్చి తలస్నానం చేసింది. తప్పు నాది.

అప్పటినుంచి మూడింటినీ పేరు పెట్టి అడుగుతున్నాను: చేపల సాస్ వేస్తారా, ఎండు రొయ్యల పొడి వేస్తారా, ఙపీ వేస్తారా. ఙపీ అంటే చేపల్నో చిన్న రొయ్యల్నో ఉప్పులో ఊరబెట్టి నూరిన ముద్ద. బర్మా వంటింట్లో దాని స్థానం మనకి చింతపండుకున్నంత. (ఆ "ఙ" మన వర్ణమాలలో ఉండి వాడకం లేక పడి ఉన్న అక్షరమే. ఈ మాట పలకడానికి ఇన్నాళ్ళకి పనికొచ్చింది.) ఈ మూడూ లేకుండా చెయ్యగలరా అని అడిగితే, చాలాచోట్ల సంతోషంగా చేస్తారు. సూప్ అయితే నాలుగో ప్రశ్న కూడా అడగండి: నీళ్ళతో చేశారా, కోడి ఎముకల రసంతోనా?

వడ్డించేవాళ్ళు బర్మావాళ్ళయితే "థెత్ థత్ లుత్" అనండి. శాకాహారం అని అర్థం. మాటకి మాట చూస్తే "ప్రాణం తియ్యనిది". ఆ మాట విన్నాక అవతలి మనిషి మొహంలో మార్పు మీరే చూస్తారు. వాళ్ళది బౌద్ధం, వర్షాకాలపు మూడు నెలల వ్రతకాలంలో మాంసం మానేసేవాళ్ళు అక్కడా ఉన్నారు. మన కార్తీకం వాళ్ళకి విడమర్చి చెప్పనక్కర్లేదు.

వెల్లుల్లి, ఉల్లి కూడా తిననివాళ్ళకి మాత్రం కష్టం. వేయించిన వెల్లుల్లి, ఉల్లి నూనె లేకుండా ఇక్కడ దాదాపు ఏదీ ఉండదు. ఒకే మూకుడులో మాంసం కూడా వేయిస్తారన్న పట్టింపు ఉంటే బయట తినకపోవడమే మేలు.

మరి శాకాహారులు ఏవి చెప్పుకోవాలి?

షాన్ టోఫూ ముందు. పేరు టోఫూ అయినా ఇందులో సోయా లేదు, శనగపిండి. పిండిని నీళ్ళలో కలిపి, పసుపు వేసి, చిక్కబడేదాకా తిప్పుతూ ఉడికించి, పళ్ళెంలో పోసి ఆరబెడతారు. గట్టిపడ్డాక ముక్కలు కోసి వేయిస్తే బయట కరకర, లోపల వెన్న. దాన్నే ఆరబెట్టకుండా వేడివేడిగా, జారుగా నూడిల్స్ మీద పోస్తే అది "టోఫూ న్వే". మొదటిసారి తిన్నప్పుడు నాకు పూరీల్లోకి చేసే బొంబాయి చట్నీ గుర్తొచ్చింది.

అల్లం సలాడ్ కూడా బాగుంటుంది. ఊరబెట్టిన అల్లం సన్నగా తరిగి, వేయించిన పప్పులు, నువ్వులు, వేరుశనగలు కలుపుతారు. "లెత్ తోక్ సోన్" అని ఇంకొకటి ఉంది, ఇక్కడ మెనూల్లో రెయిన్‌బో సలాడ్ అంటారు. అన్నం, రెండు మూడు రకాల నూడిల్స్, ఆలుగడ్డ, పచ్చి బొప్పాయి, వేయించిన శనగపిండి, చింతపండు రసం, మిరప నూనె అన్నీ కలిపేది. పిల్లలకి తెగ నచ్చుతుంది. వేరుశనగ పడనివాళ్ళుంటే మాత్రం కూర్చోగానే చెప్పండి, ఈ వంటలో అది లేని సలాడ్ వెతుక్కోవాలి.

టీ ఆకుల్ని తింటారా? అదెలా?

తింటారు. లేత టీ ఆకుల్ని కోసి, ఆవిరి పట్టి, గట్టిగా అదిమి, బరువు పెట్టి నెలల తరబడి పులియబెడతారు. షాన్ రాష్ట్రంలో నమ్‌సాన్ చుట్టూ కొండల్లో పలౌంగ్ జనం ఈ పని తరతరాలుగా చేస్తున్నారు. అలా తయారైన ఆకు పేరు లఫెత్. వగరు, పులుపు, కాస్త చేదు, నూనె జిడ్డు. మన ఊరగాయలో ఉప్పూ కారం తీసేస్తే మిగిలే ఆ పులిసిన లోతు ఉంటుందే, దానికి దగ్గర.

బర్మాలో దీనికున్న గౌరవం పెద్దది. పళ్ళలో మామిడి, మాంసాల్లో పంది, ఆకుల్లో లఫెత్ అని వాళ్ళ నానుడి. అతిథికి ఇంట్లో ముందు పెట్టేది ఇదే. పెళ్ళి పిలుపులకి లఫెత్ పంచుతారు. పూర్వం తగవు తీరాక ఇద్దరూ కలిసి లఫెత్ తింటే తీర్పు ఒప్పుకున్నట్టే. మనకి తాంబూలం ఎలాగో వాళ్ళకి ఇది అలాగ.

హోటల్లో ఇది వచ్చే తీరు చూడ్డానికే వెళ్ళొచ్చు. పెద్ద పళ్ళెం, మధ్యలో ముదురాకుపచ్చ ముద్ద. చుట్టూ వేయించిన వెల్లుల్లి రేకలు, కరకరలాడే శనగపప్పు, వేరుశనగలు, నువ్వులు, పొద్దుతిరుగుడు గింజలు, టమాటా, సన్నగా తరిగిన ఆకు, నిమ్మకాయ చెక్కలు. విడివిడిగా, ముగ్గువేసినట్టు. "కలపమంటారా" అని అడుగుతారు. ఫోటో కావాలంటే అప్పుడే తీసుకోండి. నిమ్మకాయ పిండి, రెండు ఫోర్కులతో అడుగునుంచి పైకి తిప్పుతుంటే ముందు పప్పుల చప్పుడు వినిపిస్తుంది, తర్వాత వెల్లుల్లి వాసన వస్తుంది. కలిపిన వెంటనే తినాలి. పది నిమిషాలాగితే గింజలు మెత్తబడి అసలు సంగతి పోతుంది. ఇక్కడ లెట్యూస్ ఆకు ఎక్కువ వేస్తారు. బర్మాలో వేసేది క్యాబేజీ, టమాటా. నాకు క్యాబేజీతోనే ఇష్టం. లెట్యూస్ బదులు క్యాబేజీ వెయ్యమని అడిగితే కాదనరు.

రాత్రి తింటే నిద్ర పట్టదంటారు, నిజమేనా?

నిజమే. టీ తాగడం కాదు, ఆకునే తినేస్తున్నాం కదా. అక్కడ పరీక్షలకి చదివే పిల్లలు మెలకువ కోసం తింటారు. పెద్దవాళ్ళతో వెళ్తే మధ్యాహ్న భోజనానికి వెళ్ళండి.

బర్మా హోటల్లో గోంగూర ఉంటుందని విన్నాం!

ఉంటుంది. ఈ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నాను.

బర్మా భాషలో "చిన్ బౌంగ్". మెనూలో సోర్ లీఫ్ అని రాస్తారు, పుల్లాకు అని. అది మన గోంగూర కుటుంబమే. "చిన్ బౌంగ్ జో" అంటే ఆ ఆకుని ఉల్లి, వెల్లుల్లి, పచ్చిమిర్చి, వెదురు మొలకలు, రొయ్యలు వేసి నూనెలో మగ్గబెట్టిన వేపుడు. అన్ని హోటళ్ళలో ఉండదు, ఉన్నచోట మాత్రం వదలొద్దు. మా నాన్న మొదటిసారి తిన్నప్పుడు, వేడన్నంలో చేత్తో కలిపి ఒక ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు. ఆ తర్వాత ఒక్క మాటే: "ఎండు రొయ్యలు గోంగూర. మా అమ్మ చేసినట్టుంది." విజయనగరానికీ రంగూన్‌కీ మధ్య ఉన్నది ఒక్క సముద్రం. అటూ ఇటూ అదే ఆకు, అవే రొయ్యలు. అందులో వింత లేదని తెలిసినా ఆ రోజు నా కంట నీళ్ళొచ్చాయి.

శాకాహారులు రొయ్యలు, ఙపీ లేకుండా చెయ్యమని అడగండి. వెదురు మొలకలతో కూడా బాగుంటుంది.

మోహింగా తినాలా?

చేప తినేవాళ్ళయితే తప్పకుండా. బర్మావాళ్ళ పొద్దుటి ఫలహారం ఇది. మనకి ఇడ్లీ సాంబారు లాగ వీధి చివరన దొరికేది. చేపని ఉడికించి, ముళ్ళు తీసి మెదిపి, నిమ్మగడ్డి, అల్లం, వెల్లుల్లి, పసుపు వేసి, వేయించిన బియ్యప్పిండో శనగపిండో కలిపి చిక్కగా కాచిన పులుసు. అందులో అరటి దూట ముక్కలు. సన్నటి బియ్యపు నూడిల్స్ మీద పోసి, ఉడికించిన గుడ్డు, కొత్తిమీర, నిమ్మకాయ, పైన విరిచి వేసిన పప్పు వడ. ఆ వడ పేరు "బయా జో". మన మసాలా వడే అనుకోండి. పులుసులో కాస్త నాని కాస్త కరకరలాడుతూ ఉండగా తినాలి. నీచు వాసన పడనివాళ్ళు దీని జోలికి వెళ్ళొద్దు. వాళ్ళకి కొబ్బరిపాలతో చేసే "ఓన్ నో ఖావ్ స్వే" ఉంది, ఎక్కువగా కోడితో చేస్తారు. మన పెళ్ళిళ్ళలో ఈమధ్య ఖావ్ సే అని పెడుతున్నది దీన్నుంచి వచ్చిందే.

సమోసాని సూప్‌లో వేస్తారా?

వేస్తారు. ముక్కలు చేసి, పల్చటి పుల్లటి పప్పు రసంలో, క్యాబేజీ, పుదీనా, ఉల్లిపాయలతో. రగడా సమోసా తిన్నవాళ్ళకి కొత్తగా ఉండదు.

కూర మీద అంత నూనె తేలుతోందేమిటి? బాగోలేదా?

బాగుంది కాబట్టే తేలుతోంది. "సీ ప్యాన్" అంటారు, నూనె వెనక్కి రావడం అని అర్థం. ఉల్లి, వెల్లుల్లి, అల్లం నూరి నూనెలో మగ్గబెట్టి, నీరంతా ఇంకిపోయి నూనె విడిపోయేదాకా ఉడికిస్తారు. మన ఇళ్ళలో "నూనె తేలేవరకు మగ్గనివ్వాలి" అంటామే, అచ్చం అదే మాట. వద్దనుకుంటే పై నూనె పక్కకి తోసి అడుగునుంచి వడ్డించుకోండి. అక్కడా ఇంట్లో పెద్దవాళ్ళు చేసేది అదే.

ఎద్దు మాంసం, పంది మాంసం సంగతి?

పంది మాంసం విరివిగా వాడతారు. ఎద్దు మాంసం ముట్టని బౌద్ధులు బర్మాలో చాలామంది, పొలం దున్నే పశువు కాబట్టి. ఇక్కడి హోటళ్ళలో మాత్రం బీఫ్ కూర కూడా ఉంటుంది. చెప్పుకునేటప్పుడు అడగండి. హలాల్ కావాలంటే అదీ అడగాలి, కొన్నిచోట్ల దొరుకుతుంది.

కారం చాలుతుందా?

మాకు చాలదు. బర్మా కూరలు పులుపు, ఉప్పు, నూనె మీద నడుస్తాయి, కారం పక్కన పెట్టుకునేది. వేయించిన ఎండుమిరప పొడి, మిరప నూనె అడిగితే తెచ్చిస్తారు. "బాలచావ్" ఉంటే అది కూడా అడగండి. ఎండు రొయ్యలు, వెల్లుల్లి, ఎండుమిర్చి నూనెలో కరకరగా వేయించిన పొడి. వేడన్నంలో అదొక్కటి చాలు.

ఎలా చెప్పుకోవాలి? చేత్తో తినొచ్చా?

ఎవరి పళ్ళెం వాళ్ళకి అని చెప్పుకోకండి. బర్మావాళ్ళు కూడా మనలాగే మధ్యలో అన్నీ పెట్టుకుని పంచుకుని తింటారు. నలుగురికైతే టీ ఆకు సలాడ్ ఒకటి, ఒక సూప్, రెండు కూరలు, ఒక ఆకుకూర, అన్నం. ముందు సలాడ్ వచ్చి, అది అయిపోయాక కూర వచ్చే అమెరికా పద్ధతి వద్దని, అన్నీ ఒకేసారి తెమ్మని చెప్పండి. కూరతో పాటు సలాడ్ నంజుకుంటేనే ఈ భోజనానికి అందం.

అన్నం చేత్తో కలుపుకుని తినడం బర్మాలో మామూలే. నేను ఇక్కడ కూడా అలాగే తింటాను, ఏనాడూ ఎవరూ వింతగా చూడలేదు. ఒకసారి వంటింట్లోంచి ఒక పెద్దావిడ తొంగి చూసి నవ్వి, మా బల్ల మీదకి ఒక గిన్నెడు పప్పుచారు లాంటి సూప్ ఊరికే పంపించింది. నూడిల్స్‌కి చెంచా, చాప్‌స్టిక్స్ ఇస్తారు.

నీళ్ళు ఐసుముక్కలతో వస్తాయి. వద్దంటే వేడినీళ్ళు అడగండి. కొన్నిచోట్ల పల్చటి పచ్చ టీ పెడతారు, భోజనంతో అదే బాగుంటుంది.

బిల్లు ఎంతవుతుంది? టిప్ ఇవ్వాలా?

మెనూలో ఉన్న ధర మీరిచ్చే ధర కాదు, ఇది ముందే పెద్దవాళ్ళకి చెప్పి తీసుకెళ్ళండి. శాన్‌ఫ్రాన్సిస్కోలో అమ్మకపు పన్ను 8.625 శాతం. టిప్ 18 నుంచి 20 శాతం ఇవ్వడం ఆనవాయితీ. 80 డాలర్ల భోజనం చేస్తే పన్ను 6.90, టిప్ 18 శాతం లెక్కన 14.40, మొత్తం 101.30 డాలర్లు. దీనికి తోడు ఊళ్ళో చాలా హోటళ్ళు ఉద్యోగుల ఆరోగ్య ఖర్చుల కోసమని ఇంకొన్ని శాతం బిల్లులో కలుపుతాయి, మెనూ అడుగున చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. ఆరుగురో అంతకన్నా ఎక్కువమందో వెళ్తే టిప్ వాళ్ళే కలిపేస్తుంటారు. అలా కలిపారేమో చూసుకోకపోతే రెండుసార్లు ఇచ్చినట్టవుతుంది.

మిగిలింది పట్టుకెళ్ళడానికి డబ్బా ఇస్తారు. కూరలు మర్నాటికి ఇంకా బాగుంటాయి. సలాడ్ మాత్రం అక్కడే అవగొట్టండి.

మా తాతలు రంగూన్ వెళ్ళారని ఇంట్లో చెప్పేవారు. ఈ వంటకీ మనకీ నిజంగా సంబంధం ఉందా?

ఉంది. శ్రీకాకుళం, విశాఖ, గోదావరి జిల్లాల నుంచి వేలకి వేలమంది పడవెక్కి రంగూన్ వెళ్ళారు. రేవులో కూలీలుగా, వడ్ల మిల్లుల్లో, రిక్షాలు లాగుతూ బతికారు. కాకినాడ పక్కన కోరంగి రేవు పేరు మీద అక్కడ తెలుగువాళ్ళని "కోరంగీలు" అనేవారు. ఆ రేవు 1839 తుపానులో దెబ్బతిన్నా పేరు మాత్రం రంగూన్‌లో మిగిలింది. 1930 మేలో తెలుగు రేవు కూలీల సమ్మెతో మొదలైన గొడవ పెద్ద అల్లర్లుగా మారి ఎంతోమందిని పొట్టన పెట్టుకుంది. 1941 డిసెంబరులో జపాన్ బాంబులు పడ్డాక, 1942లో లక్షలమంది భారతీయులు కొండలు, అడవులు దాటి నడిచి వచ్చారు. దారిలో పోయినవాళ్ళకి లెక్కలేదు. 1960లలో మిగిలినవాళ్ళలో చాలామంది కట్టుబట్టలతో తిరిగొచ్చారు. విశాఖ కంచరపాలెంలో బర్మా క్యాంపు అన్న పేరు వాళ్ళ వల్ల వచ్చిందే.

మా ముత్తాత నడిచొచ్చినవాళ్ళలో ఒకడు. రంగూన్ గురించి ఆయన మాట్లాడేవాడు కాదట. కానీ ఎప్పుడైనా జబ్బు పడి లేస్తే, చేపల పులుసులో అరటి దూట వేసి చెయ్యమని అడిగేవాడని మా నాయనమ్మ చెప్పేది. మా ఊళ్ళో అలా ఎవరూ వండరు. అది మోహింగా అని నాకు తెలిసింది ఇక్కడికొచ్చి, ఆ గిన్నె ముందు కూర్చున్నాకే.

మీ ఇంట్లో రంగూన్ వెళ్ళొచ్చినవాళ్ళ కథ ఉంటే, పెద్దవాళ్ళని ఈ భోజనానికి తీసుకెళ్ళి అడగండి. ఇంట్లో కూర్చుని అడిగితే రాని మాటలు కొన్ని ఇక్కడ వస్తాయి.

బర్మా అనాలా, మయన్మార్ అనాలా?

దేశం పేరు 1989లో సైనిక ప్రభుత్వం మార్చింది, రంగూన్ యాంగోన్ అయింది కూడా అప్పుడే. ఇక్కడి హోటళ్ళు ఎక్కువగా బర్మా అనే పేరే ఉంచుకున్నాయి. యజమాని ఏ మాట వాడితే మీరూ అది వాడండి. రాజకీయాలు మీరుగా ఎత్తకండి. 2021 ఫిబ్రవరిలో మళ్ళీ సైన్యం అధికారం తీసుకుంది, ఆ వంటింట్లో ఉన్నవాళ్ళ అన్నదమ్ములు ఇంకా అక్కడే ఉండి ఉండొచ్చు.

లోపలికి వెళ్ళగానే "మింగలాబా" అనండి, నమస్కారం లాంటి పలకరింపు. అందులో ఉన్నది మన "మంగళం" అనే మాటే, పాళీ నుంచి వెళ్ళింది. వచ్చేటప్పుడు "చేజూ తిన్ బా దే", ధన్యవాదాలు.

తీపి ఏముంటుంది?

"ష్వే యిన్ ఏ" అడగండి. చల్లటి కొబ్బరిపాలలో సగ్గుబియ్యం, జెల్లీ, పైన ఒక బ్రెడ్ ముక్క. ఫలూదా ఉంటుంది. రవ్వ, కొబ్బరితో కాల్చిన కేకు ఉంటుంది, మన రవ్వకేసరి పొయ్యి మీద కాక ఓవెన్లో అయితే ఎలా ఉంటుందో అలా. ఏప్రిల్ మధ్యలో వచ్చినవాళ్ళు బర్మా ఉగాది "తింజాన్" చూడొచ్చు. ఆ మాట "సంక్రాంతి" నుంచి వచ్చిందే. ఆ రోజుల్లో బియ్యప్పిండి ఉండలు చేస్తారు, లోపల బెల్లం. నీళ్ళలో వేస్తే ఉడికి పైకి తేలతాయి. ఒకటి రెండింటిలో బెల్లానికి బదులు పచ్చిమిరపకాయ పెట్టి, అది ఎవరికి వస్తుందా అని చూస్తారు.

శాన్‌ఫ్రాన్సిస్కో రావడం లేదు. ఇంకెక్కడ తినొచ్చు?

సింగపూర్ వెళ్తే సిటీ హాల్ స్టేషన్ దగ్గర పెనిన్సులా ప్లాజా అనే భవనం ఉంది. బర్మావాళ్ళ కొట్లు, భోజనశాలలు అందులోనే. అక్కడ ఫ్యూజన్ ఏమీ లేదు, ఇంటి వంటే. మన దేశం దాటనక్కర్లేకుండా కావాలంటే చెన్నై బర్మా బజార్ దగ్గర సాయంత్రాలు బండ్ల మీద "అత్తో" అమ్ముతారు. నారింజరంగు నూడిల్స్, క్యాబేజీ, చింతపండు నీళ్ళు, వేయించిన ఉల్లి చేత్తో కలిపి ఇస్తారు. పేరు బర్మా "తోక్" నుంచి వచ్చింది. తిరిగొచ్చిన కుటుంబాలు మొదలుపెట్టిన వంట అది.

లఫెత్ ఇంటికి పట్టుకెళ్ళొచ్చా?

పులియబెట్టిన ఆకు, వేయించిన పప్పులు వేరువేరు పొట్లాలుగా ఉన్న ప్యాకెట్లు ఏషియన్ కిరాణా కొట్లలో దొరుకుతాయి. తయారీదారు పేరు, దినుసులు అచ్చువేసి ఉన్నదే కొనండి. 2009లో కొన్ని బ్రాండ్లలో వాడకూడని రంగు కలిపారని తేలి సింగపూర్‌లో అమ్మకం ఆపించారు. శాకాహారులు చేపల సాస్ ఉందేమో చదువుకోండి.

ప్యాకెట్‌తో వచ్చే పప్పులు పక్కన పెట్టేయండి, చాలాసార్లు నూనె కంపు కొడతాయి. మనింట్లో శనగపప్పు ఆరు గంటలు నానబెట్టి, గుడ్డ మీద పూర్తిగా ఆరబోసి వేయించండి. వెల్లుల్లి సన్నటి రేకలుగా కోసి చల్లటి నూనెలోనే వేసి, చిన్న మంట మీద వేయించి, లేత బంగారు రంగు రాగానే తియ్యండి. ఇంకాస్త ఆగితే చేదెక్కుతుంది. క్యాబేజీ, టమాటా, నువ్వులు, వేరుశనగలు వేసి, నిమ్మకాయ పిండి, వెల్లుల్లి వేగిన నూనె రెండు చెంచాలు పోసి, చేత్తోనే కలపండి.